నాడి చూశాక కూడా

"మంచం గోడకి ఆనించు."

"ఆనించకూడదు."

"మరి నా బల్ల ఎక్కడ పెట్టుకోను? నీ నెత్తి మీదా?"

"రెండు వైపులా మనిషి నిలబడే చోటుండాలి అన్నయ్యా. ఒక్క వైపు నుంచే లాగితే నాయనమ్మ ఒళ్ళు ఒరుసుకుపోతుంది, లాగేవాళ్ళ నడుమూ పోతుంది. అమ్మ నడుం ఎలా పోయిందో చూశావుగా."

"ఓహో! మంచం ఎక్కడ వెయ్యాలో కూడా కాలేజీలో చెప్తారా? మొన్నేమో చేతులు కడుక్కోవడం నేర్పారు. రేపు తుమ్మడం నేర్పుతారు కాబోలు."

"అదీ అయిపోయింది. మోచేతిలోకి తుమ్మాలి."

వంటింట్లో వదిన కిసుక్కున నవ్వింది. అన్నయ్యకి ఒళ్ళు మండింది. నోట్లో గుండుసూదులు లేకపోతే ఆ మంట ఎంత దూరం పోయేదో కానీ, వాటిని పళ్ళతో పట్టుకునే మాట్లాడాలి కనక కోపం కూడా సన్నగానే బయటికొచ్చింది.

ఈ తగువు ఆ రోజుది కాదు. పక్షవాతం వచ్చిన నాయనమ్మని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు మొదలైంది. ఆ ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది ముందుగది ఒక్కటే. అందులో అన్నయ్య కుట్టుమిషను, బట్ట కత్తిరించే బల్ల ఉన్నాయి. నాన్న పోయాక ఆ ఇంటిని ఒడ్డుకి లాక్కొచ్చింది ఆ మిషనే. ఇప్పుడు దాని పక్కనే నాయనమ్మ మంచం పడింది. పొద్దున్నే చెల్లెలు మంచాన్ని గోడకి ఎడంగా జరుపుతుంది. ఆమె కాలేజీకి వెళ్ళగానే అన్నయ్య మళ్ళీ గోడకి నెడతాడు. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి మంచం ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తిరుగుతోందని వదిన అననే అంది.

ఆ చెల్లెల్ని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లని దూదిలో చుట్టి బతికించింది నాయనమ్మ, ఆ పేరు పెట్టిందీ ఆవిడే. ఈ ఏడే వైద్య సేవల కోర్సులో చేరింది. నర్సులు కావాలనుకునేవాళ్ళూ, ల్యాబుల్లో పనిచేద్దామనుకునేవాళ్ళూ, అంబులెన్సుల్లో వెళ్దామనుకునేవాళ్ళూ మొదటి ఏడంతా ఒకే గదిలో కూర్చుని చదవాలి. జబ్బుల గురించి కాదు, మనుషుల గురించి. రోగిని ఎలా లేపాలి, ఎలా తిప్పాలి, నాడి ఎలా చూడాలి, ఎలా మాట్లాడాలి. పిచ్చుకకి ఆ పాఠాలు ఒంటికి పట్టాయి.

"ఇదిగో చూడు," అన్నయ్య సూదులు ఒక్కొక్కటే తీసి బట్టకి గుచ్చుతూ అన్నాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో మంచాన పడ్డ మనిషిని వదిలేసి, ఊళ్ళో రోగులకి సేవ చెయ్యడం నేర్చుకోవడమేమిటి? అమ్మకి నడుం లేదు. మీ వదిన షాపు మానేస్తే నెల గడవదు. నేను మిషను దిగితే అసలే గడవదు. ఇంక మిగిలింది ఎవరు?"

పిచ్చుక మంచాన్ని గోడకి ఇంకాస్త ఎడంగా లాగింది.

"నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత నువ్వు ఇంట్లో ఉండు."

"అమ్మా!" అంది పిచ్చుక.

గోడకి చేరబడి నడుముకి వేడినీళ్ళ సీసా పెట్టుకున్న అమ్మ కళ్ళు తెరవలేదు. "పాతికేళ్ళు చేశానే ఆవిడకి. ఇంక నా వల్ల కాదు. ఎవరు చేస్తారో మీరే తేల్చుకోండి," అంది.

మంచం మీద నాయనమ్మ పైకప్పు కేసి చూస్తోంది. అందరూ ఆవిడ గురించే మాట్లాడుకుంటున్నారు. ఎవరూ ఆవిడతో మాట్లాడటం లేదు.

*

కాలేజీలో పిచ్చుకకి ఒక జోడీ ఉన్నాడు. జోడీ అంటే మరోలా అనుకోకూడదు. ప్రాక్టీసు గదిలో ఒకళ్ళు రోగి, ఇంకొకళ్ళు సేవ చేసేవాళ్ళు. వారం మారితే వేషాలు మారతాయి. ట్యూటర్ మేడమ్ హాజరు పట్టీ చూసి జంటలు కట్టింది, అంతే.

అతన్ని అందరూ డ్రైవర్ అనేవారు. క్లాసులో అందరికన్నా పెద్దవాడు. ఏళ్ళ తరబడి అంబులెన్సు నడిపి, అది వదిలి ఈ కోర్సులో చేరాడు. మనిషి పొడుగు. బెంచీ కింద మోకాళ్ళు పట్టవు. ఎముకల పేర్లు అడిగితే చెమటలు పట్టేవి.

వాళ్ళ పరిచయం దెబ్బలాటతోనే మొదలైంది.

ఆ రోజు పాఠం నాడి చూడటం. పిచ్చుక రోగి. డ్రైవర్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "నేను మీ జోడీని. మీ నాడి చూడాలి. చెయ్యి పట్టుకోవచ్చా?" అని పాఠంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాడు. ఆమె తల ఊపింది. మణికట్టు మీద వేళ్ళు అటూ ఇటూ జరిపి, ఎలాగో నాడి దొరకబుచ్చుకుని, గోడగడియారం చూస్తూ లెక్కపెట్టి అంకె చెప్పాడు. అంతా బాగానే ఉంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"అయిపోయిందిగా?" అంది పిచ్చుక.

"ఆఁ."

"మరి చెయ్యి?"

"ఒక్క నిమిషం."

"ఎందుకు?"

"చెప్పకూడదండీ."

పిచ్చుక విసురుగా చెయ్యి లాక్కుంది. "చెప్పకూడని పని చెయ్యడమెందుకు? చదువుకోవడానికొచ్చారా, చేతులు పట్టుకోవడానికొచ్చారా?"

గదంతా ఇటు తిరిగింది. ఎవరో ఈల వేశారు. డ్రైవర్ మొహం కందగడ్డయింది.

"ఏం జరిగింది?" ట్యూటర్ మేడమ్ వచ్చింది.

"ఊపిరి లెక్కపెడుతున్నానండీ," అన్నాడతను నేల చూస్తూ. "రేపటి పాఠంలో ఉంది."

మేడమ్ నవ్వాపుకుంది. "రేపు చెప్పాల్సింది ఇవాళే చెప్పించారు. వినండి. నీ ఊపిరి లెక్కపెడతానని రోగికి చెప్తే ఊపిరి మారిపోతుంది. తెలియకుండానే గట్టిగా తీస్తారు, లేదా బిగబడతారు. అందుకని నాడి చూడటం అయ్యాక కూడా చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు ఉంటూ రొమ్ము వైపు చూడాలి. ఎన్నిసార్లు లేచింది, ఎన్నిసార్లు దిగింది." అని పిచ్చుక వైపు తిరిగింది. "ఈ అమ్మాయికి సంగతి తెలిసిపోయింది. ఇంక ఇవాళంతా ఈమె ఊపిరి అబద్ధమే చెప్తుంది."

అది నిజమైంది. ఆ సాయంత్రం బస్టాపులో అతను వచ్చి పక్కన నిలబడి, "సారీ అండీ," అన్నప్పుడు కూడా పిచ్చుక ఊపిరి సరిగ్గా లేదు.

"నేనే సారీ చెప్పాలి," అంది. "కానీ చెప్పను. నలుగురిలో నా పరువు పోయింది."

"నాది మిగిలిందా?"

"మీది అంత పొడుగు మనిషిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, వెతుక్కోండి."

అతను నవ్వాడు. అలా మొదలైంది. బస్సు కోసం నిలబడి ఆమె ఎముకల పేర్లు అడిగేది, అతను తప్పు చెప్పేవాడు. తొడ ఎముకని తీసుకెళ్ళి భుజానికి తగిలించేవాడు. "మీ చేతిలో పడ్డ రోగి చేతుల మీద నడుస్తాడు డ్రైవర్ గారూ!" అనేది పిచ్చుక. వర్షం రోజుల్లో ఒకే గొడుగు కింద నిలబడాల్సి వచ్చినప్పుడు గొడుగు అంతా ఆమె వైపే వంగేది. అతని ఎడమ భుజం తడిసి ముద్దయ్యేది. ఇద్దరూ దాని గురించి మాట్లాడేవారు కాదు.

"అంబులెన్సు ఎందుకు వదిలేశారు?" అని ఒకసారి అడిగింది.

అతను రోడ్డు కేసి తిరిగాడు. "నడిపేవాడు వెనక్కి చూడకూడదు. చూస్తే చెయ్యి వణుకుతుంది. అన్నేళ్ళూ ఒక్కసారి కూడా వెనక్కి చూళ్ళేదండీ. మూలుగు వినిపించేది. ఒక్కోసారి దారి మధ్యలో మూలుగు ఆగిపోయేది. అప్పుడూ చూళ్ళేదు. ఒక రోజు బండి కడుగుతుంటే అనిపించింది... ఇంత మందిని మోశాను, ఒక్కరి మొహం తెలీదు."

ఆ రోజు పిచ్చుక ఎముకల పేర్లు అడగలేదు.

*

నెలాఖరు దాకానని అన్నయ్య గడువు చెప్పిన ఆ రోజే వాన పట్టుకుంది. కాలేజీ అయ్యాక బస్టాపు రేకు కింద ఇద్దరూ నిలబడ్డారు. రేకు మీద వాన చప్పుడుకి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"నేను మానేస్తున్నాను," అంది పిచ్చుక.

డ్రైవర్ ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. చేతులు కట్టుకోకుండా, కొంచెం ముందుకి వంగి, కళ్ళలోకి చూశాడు.

"మానేస్తున్నారన్నమాట," అన్నాడు.

"నాయనమ్మని చూసేవాళ్ళు లేరు. అన్నయ్య మాట తీసెయ్యలేను. అలా అని మానాలనీ లేదు."

"మానాలని లేదు. కానీ మానక తప్పడం లేదనిపిస్తోంది."

"ఔను. పొద్దుట్నుంచి ఏడుపొస్తోంది."

"చాలా బాధగా ఉందన్నమాట."

పిచ్చుక అతని మొహం చూసింది. ఆ వంగడం, ఆ మెల్లని గొంతు, తన మాటే తనకి తిప్పి చెప్పడం ఎక్కడో చూసినట్టుంది. చూసింది. ఆ వారం పాఠమే అది. రోగి బాధ చెప్పుకుంటుంటే సలహా ఇవ్వకూడదు, అడ్డు రాకూడదు, ఆయన మాటనే మెల్లగా తిరిగి చెప్పి, విన్నామని తెలపాలి.

"నేను పేషెంటునా?" అంది.

"అది కాదండీ..."

"నా మీద పాఠం ప్రాక్టీసు చేస్తున్నారా? మీకు మార్కులు వెయ్యనా? బాగా విన్నారు. చాలా బాగా విన్నారు. నేను మానేస్తానంటే, వద్దు అనడానికి మీకు నోరు రాలేదు. మీకు ఇంకో జోడీని చూసిపెడతారులెండి మేడమ్. చెయ్యి ఎవరిదైతేనేం, నాడి నాడే!"

"ఒక్కసారి నా మాట..."

బస్సు వచ్చింది. అది ఆమె ఎక్కాల్సిన బస్సు కాదు. అయినా ఎక్కేసింది. రెండు వీధుల అవతల దిగి, వానలో నడుచుకుంటూ ఇంటికొచ్చింది. "గొడుగేదే?" అని అమ్మ అడిగితే, "గొడుగున్నవాళ్ళకి మాటలు లేవు," అంది. అమ్మకి అర్థం కాలేదు. వదినకి అయింది.

*

నెలాఖరు దాకా ఆగలేదు పిచ్చుక. మర్నాటి నుంచే వెళ్ళడం మానేసింది.

వాన వదల్లేదు. ముందుగదిలో ఆరేసిన దుప్పట్లు ఆరక ముక్కవాసన కొట్టేవి. అన్నయ్య కిటికీ వైపు మొహం పెట్టి కుట్టుకుంటూనే ఉండేవాడు. నాయనమ్మ వచ్చిన దగ్గర్నుంచీ మిషను అలాగే తిప్పుకున్నాడు. వెలుతురు కోసం అన్నాడు. పిచ్చుక ఒక్కతే మంచం చుట్టూ తిరుగుతూ, ఒళ్ళు తుడిచి, నోరు తుడిచి, ఇటు తిప్పి, అటు తిప్పి, చారుతో పలచగా పిసికిన అన్నం చెంచాతో పెట్టేది. తిప్పడం మాత్రం ఒక్క మనిషి పని కాదు. ఒక రోజు నాయనమ్మ నడుం కింద చర్మం ఎర్రబడి, వేలితో నొక్కితే కూడా తెల్లబడటం మానేసింది. పుండుకి అది ముందు మాట. పిచ్చుక వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే తలుపు దగ్గర నీడ పడింది. గుమ్మం ఎత్తు చాలక తల వంచుకుని నిలబడ్డాడు డ్రైవర్. చేతిలో గొడుగు కారుతోంది.

"ఎవరు కావాలి?" అన్నయ్య మిషను ఆపకుండానే అడిగాడు.

"మీ చెల్లెలుగారి జోడీని."

మిషను ఆగిపోయింది. వంటింట్లోంచి అమ్మ, షాపుకి సెలవు పెట్టిన వదిన ఒకేసారి బయటికొచ్చారు.

"ఏవిటీ?" అంది అమ్మ.

"కాలేజీలో... ప్రాక్టికల్ పరీక్షకి... ఇద్దరిద్దరం. జోడీ లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరండీ." అతని మాటలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటున్నాయి.

"పాపం, చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు పరీక్ష కోసం," అంది వదిన, నవ్వు పెదవి కింద దాచుకుని. "పరీక్ష ఎవరికో?"

"వదినా!" అంది పిచ్చుక.

డ్రైవర్ కళ్ళు అప్పటికే మంచం మీదికి వెళ్ళాయి. పక్కకి ఒరగబెట్టిన తలగడలూ, అవి జారిన తీరూ చూశాడు. "ఒక్కరే తిప్పుతున్నారా?" అని అడిగాడు. పిచ్చుక తల వంచుకుంది.

"పరాయి మగాడు ఆడమనిషి ఒంటి మీద చెయ్యి వేస్తాడా?" అంది అమ్మ.

"నన్ను కాదండీ అడగాల్సింది," అని అతను చెప్పులు విడిచి, చేతులు ఎక్కడ కడుక్కోవాలో అడిగి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాయనమ్మ మొహానికి తన మొహం ఎదురుగా పెట్టాడు.

"బామ్మగారూ, నేను మీ మనవరాలితో చదువుకుంటున్నాను. ఇంతకు ముందు అంబులెన్సు నడిపేవాణ్ణి. మీరు చాలాసేపట్నుంచి ఒకే పక్క పడుకున్నారు. మేమిద్దరం కలిసి మిమ్మల్ని ఇటు తిప్పుతాం. తిప్పమంటారా?"

నాయనమ్మ అతన్నే చూసింది. ఒకరి మొహం మీద ఆవిడ చూపు నిలిచి ఎన్నాళ్ళయిందో. బాగున్న కంటి కొసన నీరు చేరింది. తల ఆడించింది.

అమ్మ పక్కకి జరిగి దారిచ్చింది.

నాయనమ్మ ఒంటి కింద అడ్డంగా పరిచిన దుప్పటి అంచుల్ని చెరోవైపూ పట్టుకున్నారు. తల వైపు ఉన్న పిచ్చుక, "ఒకటి, రెండు, మూడు," అంది. ఒక్క ఊపులో, చప్పుడు లేకుండా, నాయనమ్మ ఒళ్ళు ఇటు తిరిగింది. అమ్మ తన నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తూ ఉండిపోయింది.

తర్వాత అతను, "నాడి చూస్తాను బామ్మగారూ," అని మణికట్టు పట్టుకున్నాడు. గోడగడియారం చూశాడు. లెక్క అయిపోయింది. చెయ్యి వదల్లేదు.

"ఎంతసేపు చూస్తాడే నాడి?" వదిన పిచ్చుక చెవిలో అంది. "చెయ్యి పడితే వదిలేలా లేడు."

పిచ్చుక నవ్వలేదు. అతను ఏం చేస్తున్నాడో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. ఆమె కూడా నాయనమ్మ రొమ్ము వైపు చూసింది. అది గబగబా లేచి, మెల్లమెల్లగా తగ్గి, ఆగింది. ఆగి, చాలాసేపటికి మళ్ళీ లేచింది. డ్రైవర్ తల ఎత్తి ఆమెని చూశాడు. ఆ చూపులో అంకె లేదు, సరసం లేదు. నువ్వూ చూశావా అని అడిగాడు. చూశాను అని ఆమె కళ్ళు దించింది. మిగతా వాళ్ళకి వినిపించకుండా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అది.

అతను చెయ్యి జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టాడు.

"బామ్మగారూ, మీకేమైనా కావాలా?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. తిండి పెట్టారు, నీళ్ళు పట్టారు, మందులు మింగించారు. కావాలా అని అడగలేదు.

నాయనమ్మ పెదవి ఒక పక్కకి లాగింది. మాట ముద్దగా, ముక్కలుగా వచ్చింది. "వాడి... మొహం."

"ఎవరిది?"

బాగున్న చెయ్యి దుప్పటి మీద లేచి మిషను వైపు తిరిగింది. "పొద్దస్తమానం... వీపే... చూపిస్తాడు."

అన్నయ్య చేతిలో బట్ట నేల మీద పడింది. దాన్ని తీసుకోలేదు. గుమ్మం దాటి, గొడుగు లేకుండా, చెప్పులు లేకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

*

వీధి చివరిదాకా పిచ్చుక డ్రైవర్‌తో నడిచింది. గొడుగు మళ్ళీ ఆమె వైపే ఒరిగింది. ఈసారి ఆమె దాని కాడ పట్టుకుని నిటారుగా నిలబెట్టింది.

"ఊపిరి లెక్క ఎంతో చెప్పకు," అంది.

"చెప్పను."

"ఎక్కువ కాలం లేదు కదూ?"

"నాకు తెలీదు. మేడమ్‌ని తీసుకొస్తాను, చూస్తారు. కానీ నువ్వు చూసింది నిజమే."

మురుగుకాలవ పొంగి రోడ్డు మీదికొచ్చింది. ఇద్దరూ ఒక అరుగు ఎక్కి నిలబడ్డారు.

"ఆ రోజు," అన్నాడు డ్రైవర్, "నాకు మాట రాక కాదు. నీ మాటకి అడ్డొస్తే తప్పేమో అనుకున్నాను. పాఠం చదివినట్టు వినడమే మర్యాద అనుకున్నాను."

"రోగి దగ్గర మర్యాదే."

"మరి నీ దగ్గర?"

"నా దగ్గర కూడా వినాలి. విన్నాక నువ్వేమనుకుంటున్నావో కూడా చెప్పాలి. లేకపోతే నేను బావిలోకి అరిచినట్టుంటుంది."

అతను గొడుగు మూసేశాడు. ఎందుకు మూశాడో అతనికే తెలియలేదు. అరుగు పైన చూరు ఉంది కాబట్టి సరిపోయింది.

"మానొద్దు," అన్నాడు. "ఇది సలహానే. మానితే నాకు కోపం వస్తుంది. నీ మీద కాదు, నా మీద. మొన్న వార్డుకి తీసుకెళ్ళారు. ప్రాణం మీదికొచ్చిన ఒకాయన మొహం చూడాల్సి వచ్చింది. చూళ్ళేక బయటికొచ్చేశాను. నేనూ మానేద్దామనుకున్నాను. ఇవాళ మీ బామ్మగారి మొహం చూడగలిగానంటే, తల దగ్గర నువ్వు నిలబడి ఉన్నావు కాబట్టి. పరీక్షకి జోడీ అన్నది అబద్ధం. మేడమ్ ఇంకొకర్ని ఇస్తానన్నారు. నేనే వద్దన్నాను."

"పరీక్షకి కాకపోతే మరి దేనికి?"

"అన్నిటికీ."

వాన నీరు చూరు మీంచి తెరలా పడుతోంది. పిచ్చుక ఆ తెరలోకి చెయ్యి చాపింది. లోపల ఇంట్లో ఒక ఊపిరి ఆగి ఆగి నడుస్తోంది. బయట తనకి ఇంత సంతోషం రావడం తప్పేమో అనిపించింది. తప్పైనా వచ్చింది.

"ఇప్పుడు నీకు జవాబు చెప్పలేను," అంది.

"అడగలేదుగా," అన్నాడు. తర్వాత, "అడిగాను. కానీ తొందర లేదు," అన్నాడు.

*

అన్నయ్య దీపాలు పెట్టే వేళకి తడిసి వచ్చాడు. మర్నాడు వదిన షాపుకి వెళ్ళాక, మిషను కాళ్ళు నేల మీద గీసుకుంటున్న చప్పుడు విని పిచ్చుక వంటింట్లోంచి తొంగి చూసింది. అన్నయ్య మిషనుని ఒక్కడే ఈడుస్తున్నాడు. కిటికీకి వీపు, మంచానికి ఎదురు. కత్తిరించే బల్ల ఎత్తి నిలువుగా గోడకి ఆనించాడు. మంచం ఉన్నచోటే, రెండు వైపులా దారితో ఉంది.

"వెలుతురు చాలదేమో అన్నయ్యా," అంది.

"లైటు వేసుకుంటాను."

కాసేపు కుట్టాడు. తల ఎత్తినప్పుడల్లా నాయనమ్మ కళ్ళు ఎదురొస్తున్నాయి. నాలుగో కుట్టుకో ఐదో కుట్టుకో ఆపేసి, మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"నన్ను మోసిన మనిషే," అన్నాడు. "జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకు తిరిగేది. ఆ మూతి అలా ఒక పక్కకి పోయి, చొంగ కారుతుంటే... చూడలేకపోయాను. అందుకే నీ మీద పడ్డాను. నువ్వుంటే నేను చూడక్కర్లేదని."

పిచ్చుక అతని పక్కన నేల మీద కూర్చుంది. అన్నయ్య ఏడుస్తుంటే ఏం చెయ్యాలో ఏ పాఠంలోనూ లేదు. భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ తిప్పడం నాకు నేర్పు," అన్నాడు కాసేపటికి.

"చేతులు కడుక్కురా ముందు."

"కడుక్కోవడం నాకొచ్చు."

"రాదు. గోళ్ళ కింద రుద్దవు నువ్వు."

అతను మళ్ళీ వెళ్ళి కడుక్కొచ్చాడు. మంచం పక్కన నిలబడి, నాయనమ్మ మొహం వైపు వంగాడు. "నాయనమ్మా. నేను... నేనే. నిన్ను అటు తిప్పుతాం. సరేనా?"

నాయనమ్మ మూతి ఒక పక్కకి జరిగింది. అది నవ్వని ఆ ఇంట్లో అందరికీ తెలియడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. దర్జీ వేళ్ళు కదా, బట్ట పట్టడం తెలుసు. దుప్పటి మడత కూడా పడకుండా పట్టాడు. ఆ ఎర్రటి మచ్చ పుండు కాలేదు.

సోమవారం పొద్దున్న పిచ్చుక మంచం దగ్గరే తచ్చాడుతుంటే, అన్నయ్య నోట్లో సూదులతోనే, "బస్సు పోతుంది," అన్నాడు. అంతే. కాలేజీ గురించి ఇంకో మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ట్యూటర్ మేడమ్ వచ్చి చూసింది, ఒక డాక్టరుని కూడా తీసుకొచ్చింది. ఆయన అమ్మని పక్కకి పిలిచి మాట్లాడాడు. అమ్మ లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుంది. నాయనమ్మ జుట్టుకి నూనె రాసి, చిక్కులు తీసి, జడ వేసింది. పాతికేళ్ళలో ఆ ఇద్దరి మధ్యా అంత నెమ్మది ఎవరూ చూళ్ళేదు. డ్రైవర్ రోజు విడిచి రోజు వచ్చేవాడు. గుమ్మానికి తల కొట్టుకునేవాడు. వదిన, "మా గుమ్మం మీకు ఇంకా అలవాటు కాలేదా, అలవాటు చేసుకోండి," అనేది. అతను వినపడనట్టు చేతులు కడుక్కోవడానికి పోయేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం అతను వెళ్ళిపోయాక అందరూ ముందుగదిలోనే భోజనాలకి కూర్చున్నారు. మంచం చుట్టూ నేల మీద కంచాలు పెట్టుకుని తినడం ఈ మధ్య అలవాటైంది. నాయనమ్మకి అన్నయ్య చెంచాతో పెడుతున్నాడు. ఇప్పుడు ఆవిడ మింగేది రెండు మూడు చెంచాలే. ఆవిడ ఊపిరి ఆగినప్పుడల్లా నలుగురిలో ఎవరో ఒకరి చెయ్యి కంచం మీద ఆగేది. అది మళ్ళీ అందుకోగానే చెయ్యి కదిలేది.

"వాన తగ్గినట్టుంది," అంది వదిన.

"మళ్ళీ పట్టుకుంటుంది," అంది అమ్మ.

పిచ్చుక కంచం పక్కకి పెట్టింది. గొంతు పెంచలేదు. నాయనమ్మకి వినపడేలా కొంచెం మంచం వైపు జరిగింది.

"నేను డ్రైవర్‌ని చేసుకుంటాను. అతనికింకా చెప్పలేదు, రేపు చెప్తాను. ఇప్పుడే కాదు, ఇద్దరం చదువు ముగించాక. చాలా కాలం పడుతుంది. అందుకే ఇవాళ చెప్తున్నాను, మనం ఇలా అందరం ఉండగా."